పోలేరమ్మ వాటా

“ఒక కోర్టు వదిలినా ఇంకో కోర్టు పట్టుకుంటుంది మన అబ్బాయిని. చూస్తూ ఉండండి, అలా జరక్కపోతే నా పేరు మార్చుకుంటాను.”

కామేశ్వరి ఈ మాట అన్న రోజుకి రెండో కోర్టు ఊసే లేదు. ఉన్నది ఒకటే కేసు. జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో కొడుకు దివాకర్ నడిపిన మందుల షాపు మీద వాషింగ్టన్ ప్రభుత్వం పెట్టిన కేసు. డాక్టరు రాసిన మందులు పేషెంట్లు వచ్చి పట్టుకెళ్ళకపోయినా, పట్టుకెళ్ళినట్టు ప్రభుత్వానికి బిల్లు పంపించాడని అభియోగం. పెద్దవాళ్ళ మందులకి వాషింగ్టన్ డబ్బు ఇస్తుంది. బీదవాళ్ళ మందులకి జార్జియా రాష్ట్రం కూడా ఓ చెయ్యి వేస్తుంది. ఆ రాష్ట్రంవాళ్ళు ఇంకా నిద్ర లేవలేదు. కామేశ్వరి వాళ్ళకంటే ముందే లేచి కూర్చుంది.

“నీ పేరు ఇప్పటికి ఎన్నిసార్లు మార్చాలే,” అన్నాడు మూర్తి, పేపరు మీంచి తల ఎత్తకుండానే. వంతెనలు కట్టించిన ఇంజనీరు, రిటైరై ఇంట్లో కూర్చున్నాడు. “ఇండియా వెళ్తుంటే విమానం కూలుతుందన్నావు. కూలిందా?”

“నేను అన్నాను కాబట్టే కూలలేదు.”

అదీ ఆవిడ సిద్ధాంతం. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కామేశ్వరి మొదటి సగం మాత్రమే పట్టుకుంది. జరగరానిది ఏదైనా ముందుగా పైకి అనేస్తే, అది సిగ్గుపడి జరగడం మానుకుంటుందని ఆవిడ గట్టి నమ్మకం. తొమ్మిదో తరగతితో చదువు ఆపించి పెళ్ళి చేశారు. ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా ఇంగ్లీషు కూరగాయల బజారు దాటలేదు. భయపడటానికి భాష అక్కర్లేదు కాబట్టి ఆ పనిలో లోటు రానివ్వలేదు.

ఇంట్లో అందరూ ఆవిడ మాటలకి నవ్వుకునేవాళ్ళే, ఒకప్పుడు. దివాకర్ షాపు తెరిచిన రోజున కొబ్బరికాయ కొడుతూ, “ఇదంతా బానే ఉంది గానీ ఏదో ఒకరోజు పోలీసులొస్తారు దీనికి” అంది. కోడలు నమ్రత ఆ పూటంతా ఫోనులో వాళ్ళమ్మకి చెప్పి చెప్పి నవ్వింది. తర్వాత ఓ ఉదయం నీలం కోట్లేసుకున్నవాళ్ళు నిజంగానే వచ్చి కంప్యూటర్లు మోసుకుపోయారు. ఆనాటి నుంచి కామేశ్వరి నోరు విప్పితే ఎవరూ నవ్వడం లేదు. జరగని వెయ్యి మాటల్నీ మర్చిపోయి జరిగిన ఒక్క మాటనీ పట్టుకున్నారు. జోస్యానికి గొప్పతనం అలాగే వస్తుంది.

అందుకే లాయరు బిందుమాధవి ఆఫీసుకి వెళ్ళే రోజున, “అమ్మ కూడా వస్తుంది” అన్నాడు దివాకర్.

బిందుమాధవి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మూర్తి స్నేహితుడి కూతురు. కోర్టులో ఇంగ్లీషుతో గడగడలాడిస్తుందని పేరు. కామేశ్వరికి మాత్రం ఉగాది ఫంక్షన్లో పట్టులంగా తొక్కుకుని స్టేజీ మీద బోర్లాపడ్డ పిల్లే గుర్తు. ఆ పిల్ల ఇప్పుడు తన కొడుకు తలరాత చదువుతోంది.

“ఆంటీ, టూ ఆప్షన్స్ ఉన్నాయి,” అంది బిందు, పెన్ను తిప్పుతూ. “ఫస్ట్ ది, ఫెడరల్ కేసులో, అంటే వాషింగ్టన్ వాళ్ళ కేసులో మాత్రం గిల్టీ అని ఒప్పుకోవడం. నాలుగేళ్ళు. స్టేట్ వాళ్ళు తర్వాత కేసు పెట్టచ్చు, పెట్టకపోవచ్చు. తెలీదు. సెకండ్ ది, ఇద్దరి దగ్గరా ఇప్పుడే ఒప్పుకోవడం. అక్కడా నాలుగేళ్ళు, ఇక్కడా నాలుగేళ్ళు, కానీ రెండూ కలిసి రన్ అవుతాయి. మొత్తం నాలుగే. ఫెడరల్ జైలు క్యాంపులోనే ఉండచ్చు. మంచి ప్లేస్ అది, గోడలు కూడా ఉండవు.”

“రెండోదే మంచిది,” అంది కామేశ్వరి, ఆ పిల్ల ఊపిరి పీల్చుకోక ముందే.

“ఆగండి ఆంటీ, ఇంకో లైన్ ఉంది. ఫ్యూచర్‌లో ప్రెసిడెంట్ పార్డన్ ఇచ్చినా, అంటే క్షమించినా, స్టేట్ దగ్గర ఒప్పుకున్నది మార్చకూడదు. అది అలాగే ఉండిపోతుంది. ఆ లైన్ నాకు నచ్చలేదు. తీసేయమని ఫైట్ చేస్తాను, కొంచెం టైమ్ ఇవ్వండి.”

చాలా రోజుల తర్వాత కామేశ్వరికి నవ్వొచ్చింది. “ప్రెసిడెంటా? చెత్తడబ్బా ఒక పూట ఎక్కువసేపు రోడ్డు మీద ఉంచితే మన కాలనీ హెచ్‌ఓఏ వాళ్ళే క్షమించరు, నోటీసు అంటిస్తారు. మనల్ని ప్రెసిడెంటు క్షమిస్తాడా? పిచ్చి తల్లీ, మన మొహాలకి అంత యోగమా? దాని కోసం ఆలస్యం చేస్తే వాళ్ళు ఇస్తానన్నది కూడా ఇవ్వరు.”

నమ్రత నెమ్మదిగా అంది, “ఆగుదాం అత్తయ్యా. రాని కేసుని మనమే పిలిచి పీట వెయ్యడం ఎందుకు?”

“రాదని నువ్వు చెప్తావా?” కామేశ్వరి కోడలి వైపు తిరిగింది. “మా ఊళ్ళో మా మేనమామ ఇలాగే అన్నాడు. తిరపతి వెళ్ళి తలనీలాలు ఇచ్చొచ్చాను, ఇంక ఈ ఏడు జాతరకి పోలేరమ్మకి ఏం చెయ్యక్కర్లేదు అన్నాడు. ఎంత పెద్ద దేవుడైనా కొండ మీద దేవుడు కొండ మీదే. ఊరి పొలిమేరలో అమ్మ సంగతి అమ్మదే. ఆవిడ వాటా ఆవిడకి ముట్టకపోతే ఊరుకుంటుందా? ఆ ఏడు ఇంటిల్లిపాదికీ అమ్మవారు పోసింది. వాషింగ్టన్‌కి దణ్ణం పెట్టి జార్జియాని వదిలేస్తే అంతే అవుతుంది. ఇద్దరి మొక్కూ ఒకేసారి తీర్చేసుకుంటే ఏలినాటి శని ఒక్కసారికే పోతుంది.”

బిందు పెన్ను తిప్పడం మానేసింది. “ఆంటీ, మా ప్రొఫెసర్ ఈ పాయింట్ చెప్పడానికి ఒక సెమిస్టర్ తీసుకున్నాడు.”

అది పొగడ్తో కాదో కామేశ్వరికి తెలియలేదు. పొగడ్తే అనుకుంది.

అంతసేపూ దివాకర్ తల వంచుకుని బల్ల మీద చెక్క గీతలు చూస్తున్నాడు. తల్లి మాట పూర్తయ్యాక పెన్ను కోసం చెయ్యి చాచాడు. “అమ్మ చెప్పినట్టే చేద్దాం,” అన్నాడు. ఆ మాట కామేశ్వరి గుండెలో ముల్లులా దిగింది, మెడలో దండలా కూడా పడింది. నా మాట కోసం నా బిడ్డ చెయ్యని నేరాన్ని రెండుసార్లు ఒప్పుకున్నాడు అనుకుంది. తర్వాత స్నేహితురాలు పద్మజతో అంది, గుళ్ళో పూజారితో అంది, ఇండియన్ స్టోర్లో కరివేపాకు తూచే అమ్మాయితో కూడా అంది.

క్యాంపు పక్క రాష్ట్రంలో. బిందు చెప్పినట్టే గోడలు లేవు. పచ్చగడ్డి, పైన్ చెట్లు, చిన్న లైబ్రరీ. దివాకర్ అక్కడ తోటివాళ్ళకి లెక్కలు చెప్పేవాడు. అంత బాగుండటమే కామేశ్వరికి నచ్చలేదు. గోడలు లేకపోతే పాములొస్తాయి. పైన్ చెట్లుంటే పిడుగు పడుతుంది. లెక్కలు చెప్తే, రానివాడికి కోపమొచ్చి కొడతాడు. ఆదివారం ఆదివారం కార్లో కూర్చుని ఇవన్నీ వరసగా అనేది, ఒక్కటీ జరక్కుండా. నమ్రత డ్రైవ్ చేస్తూ అద్దంలో చూసేది కాదు. సంతకం రోజు తర్వాత కోడలు ఆవిడతో “అన్నం పెట్టమంటారా”, “ఏసీ తగ్గించమంటారా” తప్ప ఇంకో మాట మాట్లాడటం మానేసింది. పెట్టమన్నా తగ్గించమన్నా చేసేది. పోట్లాడితే బాగుండునని కామేశ్వరికి అనిపించేది.

రెండో ఏడు మొదట్లో గుళ్ళో ఎవరో అన్నారు, ప్రెసిడెంటు గారు ఈ మధ్య అడిగినవాళ్ళని అడిగినట్టు క్షమిస్తున్నారని. తెల్లారి కామేశ్వరి మొగుణ్ణి తీసుకుని అల్ఫారెట్టాలో డాక్టర్ శేషగిరి గారింటికి వెళ్ళింది.

శేషగిరి గుండె డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఎన్నికలొస్తే రెండు పార్టీల విందులకీ వెళ్తాడు, ఎవరు గెలిచినా తనే గెలిచినట్టు ఉంటుంది. ఆయన బేస్‌మెంట్‌లో గోడ నిండా ఫొటోలే. ప్రతి ఫొటోలోనూ మధ్యలో ఓ పెద్ద మనిషి, అంచున శేషగిరి భుజం.

“మావాడు ఏ పాపం ఎరగడు అన్నయ్యగారూ,” అంది కామేశ్వరి కళ్ళొత్తుకుంటూ. “నేను భయపెట్టబట్టే సంతకం పెట్టాడు. నా నోరే వాణ్ణి జైల్లో పెట్టింది.”

“ఊరుకోమ్మా చెల్లెమ్మా. నేనున్నాను కదా. వచ్చే నెల డిన్నర్లో చెవిన వేస్తాను.”

“లాయరు పిల్లని ఓసారి అడగమంటారా?” అన్నాడు మూర్తి.

శేషగిరి సోఫాలో వెనక్కి వాలాడు. “లాయర్లతో పనేంటి మూర్తీ? ఇది లాయర్లకి పైన జరిగే పని. అడిగితే అదొద్దు, ఇదొద్దు అంటారు. గుండె ఆపరేషన్‌కి ముందు పేషెంటు బావమరిదిని అడుగుతామా?”

మన పద్ధతి అంతే. పెద్దాయనొకడు చెవిన వేస్తానన్నాక కాయితాలు చూసేవాణ్ణి పిలవడం అపశకునం. బిందుమాధవికి ఎవరూ చెప్పలేదు. దివాకర్‌కి ఫోనులో చెప్తే, “ఎందుకమ్మా ఇవన్నీ” అన్నాడు. “ఆయన్ని ఇబ్బంది పెట్టకండి” అన్నాడు. తర్వాత నాన్న షుగర్ ఎలా ఉందని అడిగాడు. మొహమాటం, ఎవరి సాయమూ అడగడు పాపం అనుకుంది తల్లి.

అవదనే అనుకుంది కామేశ్వరి. అవదని అందరికీ చెప్పింది కూడా. అంచేత అయింది.

శుక్రవారం మధ్యాహ్నం శేషగిరి ఫోన్ చేసి, “చెల్లెమ్మా, స్వీట్లు రెడీ చేసుకో. ప్రెసిడెంట్ గారు సంతకం పెట్టేశారు, లిస్టులో మనవాడి పేరు ఉంది” అన్నాడు.

“ఏ దివాకరండీ? పేరు కలిసిన ఇంకెవడో అయ్యుంటాడు.”

“ఇంటి పేరుతో సహా ఉందమ్మా!”

“ఇంటి పేరు కూడా కలిసినవాడేమో, మా వాళ్ళు ఇక్కడ చాలామందున్నారు.”

మూర్తి ఫోను లాక్కుని విని, స్పీకర్లో పెట్టి, కుర్చీలో కూలబడి ఏడ్చాడు. అది చూశాక కామేశ్వరి నమ్మింది. లోపల్నించి నమ్రత పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి కావలించుకుంది. ఇన్నాళ్ళ తర్వాత కోడలి చేతులు మెడ చుట్టూ పడితే కామేశ్వరికి ప్రెసిడెంటు గారి కంటే అదే ఎక్కువ క్షమాపణ అనిపించింది.

శనివారం శేషగిరి ఇంటి బేస్‌మెంట్‌లో సన్మానం. ఎవరికంటే, శేషగిరికి. మనవాళ్ళు చేసేది ఏదైనా శాలువాతో మొదలవుతుంది. గోడకి ఫ్లెక్సీ కట్టారు, దాని మీద ‘క్షమాప్రదాత’ అని రాసి శేషగిరి ఫొటో పెద్దగా, ప్రెసిడెంటు భవనం ఫొటో చిన్నగా వేశారు. దివాకర్ ఫొటో వెయ్యడం మర్చిపోయారు. పద్మజ పులిహోర ట్రేలు సర్దింది. మూర్తి శాలువా కప్పాడు, ఫొటో సరిగా రాలేదని రెండోసారి కూడా కప్పాడు. శేషగిరి మైకు తీసుకుని, “నేను చేసిందేం లేదు, ఒక్క మాట చెవిన వేశానంతే” అని అరగంట చెప్పాడు. నమ్రత పక్కనున్న ఆవిడకి చూపిస్తోంది, దివాకర్ కోసం కొన్న నీలం చొక్కా ఫొటో. “బాగా చిక్కిపోయారు, ఒక సైజు తక్కువే తీసుకున్నాను.”

అప్పుడు మెట్లు దిగి బిందుమాధవి వచ్చింది. జీన్స్, తడిసిన జుట్టు. మొగుణ్ణి ఎప్పుడు తీసుకురావచ్చో కనుక్కుందామని నమ్రత పొద్దున మెసేజ్ పెడితే, జవాబు రాయడం చేతకాక మనిషే వచ్చింది.

“రా తల్లీ, లడ్డు తీసుకో,” అంది కామేశ్వరి.

“ఆంటీ, ఒక్క నిమిషం. నమ్రతా, మీరు కూడా.” బిందు వాళ్ళని పాప్‌కార్న్ మిషను పక్కకి తీసుకెళ్ళింది. మూర్తి వెంట వెళ్ళాడు. విషయం తనదే అన్నట్టు శేషగిరి కూడా వెళ్ళాడు, శాలువాతో.

“మీరు అతన్ని ఇంటికి తీసుకురాలేరు,” అంది బిందు. “ప్రెసిడెంట్ క్షమించింది ఫెడరల్ కేసు. ప్రెసిడెంట్‌కి పవర్ అంతవరకే. స్టేట్ కేసు అలాగే ఉంది. అక్కడ కూడా నాలుగేళ్ళు ఒప్పుకున్నాం కదా. దాన్ని మార్చమని అడగను అని కూడా సైన్ చేశాం.”

“అయితే?” అంది నమ్రత.

“ఇప్పటిదాకా రెండూ ఫెడరల్ క్యాంపులో కూర్చుని సర్వ్ చేస్తున్నాడు. ఫెడరల్ ది పోతే ఆ క్యాంపులో ఉండటానికి రీజన్ లేదు. గేటు దగ్గరకి జార్జియా వాళ్ళ వ్యాన్ వస్తుంది. మిగతా టైమ్ స్టేట్ జైల్లో.” ఆ పిల్ల గొంతు తగ్గింది. “అది క్యాంపులా ఉండదు. సెల్స్, గోడలు, పెద్ద పెద్ద కేసుల వాళ్ళు. పార్డన్ వల్ల అతను బయటకి రాడు. ఇంకా లోపలికి వెళ్తాడు.”

మైకు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టమంటే అందరూ కొట్టారు.

కామేశ్వరి వెంటనే అర్థం చేసుకుంది. ఆ నలుగురిలో ముందుగా అర్థమైంది ఆవిడకే. కొండ మీద దేవుడు కరిగాడు, పొలిమేరలో అమ్మ కరగలేదు. అమ్మ వాటా దగ్గరుండి ముట్టజెప్పించింది ఎవరు? తనే. పాములు, పిడుగులు, విమానాలు, ఇంకో కోర్టు, అన్నిటికీ భయపడింది. మంచి జరుగుతుందేమోనని మాత్రం ఒక్కనాడూ భయపడలేదు. ఆ ఒక్క వైపే తలుపు తీసి పెట్టుకోలేదు.

“దీనికేముంది, గవర్నర్‌తో మాట్లాడతాను,” అన్నాడు శేషగిరి.

“ఈ స్టేట్‌లో గవర్నర్‌కి ఆ పవర్ లేదు అంకుల్. క్షమించడానికి వేరే బోర్డు ఉంది.”

“బోర్డులో మనవాళ్ళెవరైనా ఉన్నారా?”

బిందు ఆయన్ని వదిలి ఇటు తిరిగింది. “ఒక దారి ఉంది,” అంది కామేశ్వరితో. “పార్డన్ గిఫ్ట్ లాంటిది. తీసుకునేవాడు తీసుకోకపోతే ఇచ్చినట్టు కాదని పాత కోర్టు తీర్పులున్నాయి. పేపర్ సోమవారం క్యాంపు ఆఫీసుకి వస్తుంది. అతను సైన్ చేసి తీసుకోవాలి. వద్దంటే నేను ఆ తీర్పులు పట్టుకుని ఫైట్ చేస్తాను. అప్పుడు ఉన్న చోటే ఉండి మిగతా టైమ్ పూర్తి చేసుకోవచ్చు. తీసుకుంటే ఫెడరల్ మచ్చ పోతుంది, కానీ వ్యాన్ ఎక్కాలి. డిసైడ్ చెయ్యాల్సింది అతను. రేపు విజిటింగ్ కదా, నేను ఫోన్లో చెప్తాను, మీరు కూర్చుని మాట్లాడండి.”

“వద్దంటారా?” శేషగిరి మొహం ఎర్ర శాలువా రంగులోకి వచ్చింది. “ప్రెసిడెంటు పిలిచి ఇస్తే వద్దంటారా? రేపు ఆయన మొహం నేను చూడాలా వద్దా?”

“ఆ ఫొటోల్లో ఆయన మీ మొహం చూశాడా అసలు?” అన్నాడు మూర్తి. నలభై ఏళ్ళ స్నేహంలో అతను శేషగిరితో అన్న మొదటి పెడసరం మాట అది. తర్వాత లడ్డు పళ్ళెం అక్కడ పెట్టి కారు తాళాలు తీసుకున్నాడు.

ఆదివారం కార్లో కామేశ్వరి నోరు మెదపలేదు. ఏదైనా అంటే జరుగుతుందో, అనకపోతే జరుగుతుందో, లెక్క తప్పిపోయింది. నమ్రత డ్రైవ్ చేస్తూ రాష్ట్రం సరిహద్దు దగ్గర మాత్రం అంది, “ఆ రోజు ఆగుదామన్నాను అత్తయ్యా.”

“అన్నావమ్మా.”

అంతే. కోడలు ఇంకా ఏదో అంటుందని ఎదురు చూసింది. అననందుకు ఏడుపొచ్చింది.

విజిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, సోడాల మిషను, ఓ మూల పసిపిల్లల బొమ్మలు. దివాకర్ వచ్చి తండ్రి కాళ్ళకి, తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. బిందు ఫోన్లో అంతా చెప్పిందన్నాడు. కంగారేం కనిపించలేదు మొహంలో. నమ్రత అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

“నాకు తెలిసింది నేను చెప్తాను,” అన్నాడు మూర్తి. “తీసుకుంటే పేరు బాగుపడుతుంది, ఒళ్ళు పాడవుతుంది. తీసుకోకపోతే ఒళ్ళు బాగుంటుంది. వంతెన పైన రంగు ముఖ్యమా, కింద స్తంభం ముఖ్యమా నువ్వే చూసుకో.”

“శేషగిరి గారు ఊళ్ళో అందరికీ చెప్పేశారు,” అంది నమ్రత. “వద్దంటే పిచ్చాళ్ళం అనుకుంటారు. అనుకోనీ. ఆ వ్యాన్ ఎక్కకండి, అంతే.”

దివాకర్ తల్లి వైపు చూశాడు. ఎప్పుడూ అంతే, ఆఖరి మాట అమ్మదే.

కామేశ్వరికి చెప్పవలసింది కార్లో పేర్చుకునే వచ్చింది. వ్యాను, సెల్లు, కత్తులు, జబ్బులు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కొడుకు కళ్ళలోకి చూసేసరికి అవన్నీ పోయి ఇంకొకటి వచ్చింది.

“నేనేం చెప్పనురా. ఇంకోసారి చెప్పను. నా నోటి మూలాన్నే నువ్విక్కడున్నావు. ఆ రెండో కోర్టు లేదురా. నేను పిలిచాను దాన్ని. నేను తొందరపెట్టకపోతే బిందు పోట్లాడేది, ఆ లైను తీయించేది, ఇవాళ నువ్వు ఇంట్లో ఉండేవాడివి. చెయ్యని తప్పుకి అమ్మ మాట కోసం రెండుచోట్ల తల వంచావు. అందరితో ఇదే చెప్పాను, శేషగిరి గారి చేత ప్రెసిడెంటుకి పంపిన కాయితంలో కూడా ఇదే రాయించాను. ఒక్కటి చెప్పు నాయనా. నేను భయపెట్టబట్టే కదా ఒప్పుకున్నావు?”

దివాకర్ నమ్రత చేతిలోంచి తన చెయ్యి నెమ్మదిగా తీసుకున్నాడు.

సోడా మిషనులో ఎవరో నాణేలు వేశారు, డబ్బా దొర్లిపడింది. అవతల బల్ల దగ్గర ఓ ముసలి తల్లి కొడుకు గడ్డం నిమురుతోంది. బొమ్మల మూలలో పిల్ల ఒకటి ఏడ్చి, ఊరుకుని, మళ్ళీ అందుకుంది. దివాకర్ బల్ల వంక చూస్తున్నాడు, ఆ రోజు లాయరు ఆఫీసులో చూసినట్టే. ఆ చూపు అలసట అనుకుంది అప్పుడు, అణకువ అనుకుంది. మూర్తి కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టి, తుడుస్తూనే ఉన్నాడు. నమ్రత మొగుడి మొహం చూడటం లేదు. తలుపు పైన రాసి ఉన్న రూల్సు చదువుతోంది, ఇంతకు ముందు ఎన్నిసార్లు చదివిందో మరి.

విమానం కూలుతుందనుకుంది. గుండె ఆగుతుందనుకుంది. పిడుగు పడుతుందనుకుంది. లోకంలో ఉన్న కీడంతా ఎంచిన మనిషి కామేశ్వరి. ఇది ఎంచలేదు. కొడుకు పెదవులు కదలక ముందే ఆవిడకి అర్థమైపోయింది. అడగకుండా ఉండాల్సింది అనుకుంది. అడిగింది వెనక్కి తీసుకుందామని నోరు తెరిచింది. గార్డు టైమ్ అయిపోవస్తోందని చెయ్యి ఎత్తి చూపించి వెళ్ళాడు. ఎవరూ లేవలేదు.

“చేశానమ్మా,” అన్నాడు దివాకర్. “వాషింగ్టన్ డబ్బూ తీసుకున్నాను, జార్జియా డబ్బూ తీసుకున్నాను. నువ్వు ఆ రోజు రాకపోయినా రెండు సంతకాలూ పెట్టేవాణ్ణి. నీ మాటకే పెట్టానని నువ్వు అందరికీ చెప్తుంటే, నాకు బావుండి ఊరుకున్నాను. రేపు ఆ కాయితం వస్తే వద్దంటాను. ఇక్కడే ఉండి పూర్తి చేసుకుని వస్తాను.”